ఏరని తట్ట

ఎండలు ముదరగానే మా డాబా మీద సున్నం కొట్టించడం నాకు అలవాటు. బందరులో మా వీధివాళ్ళందరూ చలవ పెయింట్లని డబ్బాలు కొని వేయించుకుంటున్నారు. "ఇంకా సున్నమేంటండీ టీచరుగారూ" అని పక్కింటావిడ ఏటా ఒకసారి నన్ను ఎగతాళి చేస్తుంది. చేస్తే చేసింది. ఈసారి వచ్చిన పనివాడు సగానికి కోసిన డ్రమ్ములో సున్నపు రాళ్ళు పోసి మీద నీళ్ళు కుమ్మరించాడు. బుస్సుమని పొంగింది. ఆవిరి లేచింది. "దూరం జరగండి మేడమ్, కంట్లో పడిందంటే ఇక అంతే" అన్నాడతను. నేను జరగలేదు. ఆ వాసన తగలగానే నాకు ఆవిడ గుర్తొచ్చింది. గుర్తు రావడం కూడా కాదు, నా భుజం వెనక నిలబడినట్టే అనిపించి, నిజంగానే వెనక్కి తిరిగి చూశాను.

ఆవిడ పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

ఊళ్ళో అందరికీ ఆవిడ సున్నపామె. పిల్లలకి సున్నపు మామ్మ. నేను అక్కా అనేదాన్ని. ఆవిడకి ఒక పేరు ఉందని నాకు తెలుసు గానీ, ఆ పేరు పెట్టి ఎవరైనా పిలవగా నేను వినలేదు కాబట్టి ఇక్కడ కూడా అక్కర్లేదు.

దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఆ ఊళ్ళో నేను సైన్సు టీచరుగా చేరాను. నా సర్వీసులో సగం పైన ఆ ఊళ్ళోనే అద్దెకుంటూ గడిచింది. హైస్కూలు గేటు దాటి రోడ్డు మీదికి వస్తే ఎదురుగా గాలిగోపురం. అంతటి గోపురం ఈ జిల్లాలోనే లేదని ఆ ఊరివాళ్ళు అంటారు. తమ ఊరి గోపురం గురించి ఏ ఊరివాళ్ళయినా ఆ మాటే అంటారు గానీ, ఇది మాత్రం నిజంగానే పెద్దది. గిలకలదిండి నుంచి వేటకి వెళ్ళిన బోట్లవాళ్ళు సముద్రంలోంచి దీన్ని చూసే తామెక్కడున్నారో పోల్చుకుంటామని చెప్పేవారు. బయట పీఠం రాయి. ఆ రాళ్ళు ఎగువ నుంచి పడవల మీద కాలవల్లో వచ్చాయట. దాని పైనంతా ఇటుక. ఇటుకల మీద గచ్చు. చూసేవాళ్ళు మెడలు రిక్కించి చూసే దేవుళ్ళూ, ద్వారపాలకులూ, చిలకలూ, ఏనుగులూ అన్నీ ఆ గచ్చులో చేసినవే. గచ్చంటే వేరే ఏమీ కాదు, సున్నమూ ఇసకా. బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి, ఎద్దు తిప్పే గానుగలో వెన్నలా అయ్యేదాకా నూరేవారు. ఆ సున్నం మాత్రం ఎక్కడినుంచో రాలేదు. మా సముద్రం ఒడ్డున దొరికే గుల్ల, అంటే చిప్పలూ గవ్వలూ, తెచ్చి బట్టీలో కాల్చేవారు. ఆ కాల్చే ఇళ్ళల్లో చివరిది ఆవిడ ఇల్లు.

ఆవిడని తలుచుకుంటే నాకు ముందు కనిపించేది మొహం కాదు, కుడిచెయ్యి. ఏ కుప్ప కనిపించినా ఆ చెయ్యి ఊరుకునేది కాదు. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే చోటికి వచ్చి, ఎవరూ అడక్కుండానే కందిపప్పు చాటలో పోసుకుని కూర్చునేది. కళ్ళు మన మొహం మీదే ఉండేవి, కబుర్లు చెబుతూనే ఉండేది, వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి. రాయి తగిలితే పక్కకి, మట్టిబెడ్డ తగిలితే పక్కకి. పెళ్ళికి పిలిస్తే అక్షింతలు వేసి వచ్చి చింతపండు దగ్గర తేలేది. ఒకసారి అవనిగడ్డ బస్సులో నా పక్కన కూర్చుని, నేను కొనుక్కున్న వేరుశనక్కాయలన్నీ ఏరింది. పుచ్చువి కిటికీలోంచి పారేసి మంచివి నా ఒళ్ళో పోసింది. తను ఒక్కటీ నోట్లో వేసుకోలేదు.

"తినక్కా" అన్నాను.

"ఏరినదాన్ని తినబుద్ధి కాదండీ నాకు" అంది.

ఆ వేళ్ళ చివర్లు గాజులా నున్నగా ఉండేవి. సున్నం తినేసింది. రేషను డిపోలో మిషను మీద ఎన్నిసార్లు వేలు పెట్టినా అది ఆవిడని గుర్తుపట్టేది కాదు. డీలరు విసుక్కుని "అసలు నువ్వున్నావా మామ్మా?" అనేవాడు. "లేనేమోరా అబ్బాయ్, కళ్ళల్లోకి కూడా చూసి చెప్పు" అని రెండో మిషను ముందు కళ్ళు ఇంతింత చేసుకుని నిలబడేది. వెనక క్యూలో ఉన్న ఆడవాళ్ళందరూ నవ్వేవారు. ఆవిడా నవ్వేది. మనిషి దిగులుమొహం కాదు. అది ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పబోయేది విని మీరు ఇంకోలా ఊహించుకుంటారు.

ఇంకో వింత ఉండేది ఆవిడలో. తమలపాకు నమిలేది, వక్క వేసుకునేది, సున్నం మాత్రం రాసుకునేది కాదు. సున్నం కాల్చే ఇంటి మనిషి సున్నం లేని ఆకు నమలడం ఏమిటని అందరూ ఆటపట్టించేవారు. నోరు పండేది కాదు. "పండి ఎవరికి చూపించాలంట?" అని కొట్టిపారేసేది. నేనూ అది ఒక పంతం అనుకున్నాను, సున్నంతో బతికి బతికి దాని మీద విసుగు పుట్టిందేమో అనుకున్నాను.

సాయంత్రం బడి విడిచే వేళకి ఆవిడ గోపురం దగ్గరికి వచ్చేది. గుళ్ళోకి వెళ్ళేది కాదు. దేవుడి మీద కోపమా అంటే అదీ లేదు, గంట వినిపిస్తే దణ్ణం పెట్టుకునేది. గోపురానికి దక్షిణం వైపు నేల మీద కూర్చుని పైకి చూస్తూ మాట్లాడేది. గట్టిగా కాదు, పక్కలో ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టు. "చాలు, ఇక పడుకో." "వాన వస్తది, కదలబాక." "ఏంటా అల్లరి?" ఆ దక్షిణం వైపు పై అంతస్తులో గచ్చు మిగతాచోట ఉన్నట్టు నున్నగా ఉండేది కాదు. మశూచికం పోసిన మొహంలా గుంటలు గుంటలుగా ఉండేది. తొలకరి పడ్డాక ఆ గచ్చు మీద చిన్న చిన్న పొక్కులు లేచి, టప్పుమని చిట్లి, రూపాయి బిళ్ళంత పెళ్ళలు కింద పడేవి. ఏటా అంతే. పడినవాటిని ఆవిడ కొంగులో వేసుకుని వెళ్ళేది.

ఇంక ఆరో తరగతి పిల్లలు ఊరుకుంటారా? గోపురంలో ఒక పిల్ల ఉందనీ, కట్టేటప్పుడు గోడ నిలవకపోతే రాజు పిల్లని పెట్టి కట్టించాడనీ, వానాకాలంలో అది లోపల్నుంచి తలుపు కొడుతుందనీ కథలు పుట్టించారు. మబ్బు పట్టిన రోజున దక్షిణం వైపు నుంచి ఇళ్ళకి వెళ్ళడానికి భయపడేవారు. నాకు ఒళ్ళు మండింది. ఒకరోజు క్లాసులో గాజుపలక మీద సున్నపు ముక్క పెట్టి, నీటి చుక్క వేసి, అది ఉబ్బి పగలడం చూపించాను. నీళ్ళల్లో సరిగ్గా విరగని, అంటే పొడి కాకుండా మిగిలిపోయిన, సున్నపు గింజ గచ్చులో ఉండిపోతే, ఎన్నేళ్ళకి తేమ తగిలినా ఇలాగే ఉబ్బి పైపూతని తన్నేస్తుందనీ, దానికి దయ్యాలతో పని లేదనీ చెప్పాను. కిటికీ అవతల ఆవిడ నిలబడి ఉందని నాకు తెలియదు.

గంట కొట్టాక బయటికి వస్తే, "బాగా చెప్పారండీ టీచరుగారూ" అంది. "పిల్లలు భయపడకూడదు. దాన్ని చూసి అసలు భయపడకూడదు."

దాన్ని అంటే దేన్ని అని నేను అడగలేదు. సున్నాన్ని అనుకున్నాను.

ఆ శ్రావణంలోనే ఒక మధ్యాహ్నం హఠాత్తుగా వాన పట్టుకుంది. గొడుగు ఉన్నా లాభం లేని వాన. నేను పరుగున వెళ్ళి గోపురం లోపలి దారిలో నిలబడ్డాను. ఆవిడ అప్పటికే అక్కడ ఉంది. వాన కాస్త తగ్గాక బయటికి అడుగు పెట్టానో లేదో, పైనుంచి ఒక పెళ్ళ నా గొడుగు మీద పడి జారి నీళ్ళల్లో పడింది. ఆవిడ గబుక్కున వంగి తీసి, కొంగుతో తుడిచి, అరచేతిలో పెట్టుకుని చూసింది. అప్పుడు అడిగాను.

"ఏం చేసుకుంటావక్కా వాటిని?"

"సముద్రంలో కలుపుతానండీ" అంది. దాన్ని కొంగున ముడి వేసుకుంటూ, "మా పాప ఇందులో ఉంది" అంది.

నాకు భయం వేసింది. సైన్సు టీచర్ననీ, మొన్ననే క్లాసులో పాఠం చెప్పాననీ గుర్తున్నా భయం వేసింది. ఆవిడ మొహం మాత్రం మామూలుగానే ఉంది. దారికి పక్కన ఉన్న ఇటుక గోడకి ఆనుకుని, వాన వెలిసేదాకా చెప్పింది. నేను ఆవిడ మాటలన్నీ ఆవిడ చెప్పినట్టే చెప్పలేను. చెప్పింది మాత్రం ఇదీ.

ఉప్పెన వచ్చిన రోజున ఆవిడా భర్తా ఊళ్ళో లేరు. పెళ్ళిళ్ళ ముందు ఇళ్ళకి వెల్లవేస్తారు కదా, ఆ సున్నం బండి మీద వేసుకుని పైఊళ్ళకి వెళ్ళారు. ఏడాది నిండిన కూతుర్ని ఒడ్డున పల్లెలో అత్తగారి దగ్గర వదిలి వెళ్ళారు. గాలి తగ్గాక, దారులు తేలాక తిరిగి వస్తే పల్లె లేదు. ఇల్లు లేదు. అత్తగారు లేరు. ఇల్లు ఉన్నచోట సముద్రం మనిషెత్తున గుల్ల పోసి వెళ్ళింది. దొరికినవాళ్ళనందరినీ అప్పటికే కలిపి కాల్చేశారు. ఎవరెవరో చూసేందుకు కూడా ఏం మిగల్లేదు. పాప వాళ్ళల్లో ఉందో, సముద్రంలో ఉందో, ఆ గుల్ల కింద ఉందో చెప్పేవాళ్ళు లేరు.

ఆ తర్వాతి ఎండాకాలంలో గోపురం పని వచ్చింది. గాలికి పై అంతస్తుల దక్షిణం వైపు గచ్చు, కొన్ని బొమ్మలూ కూలిపోయాయి. కట్టినప్పుడు ఏ సున్నం వాడారో అదే కావాలని ఆ పని చేయించే ముసలి మేస్త్రి పట్టుపట్టాడు. తినడానికి లేని రోజులు. భర్త బండి కట్టుకుని వెళ్ళి గుల్ల తెచ్చాడు. ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడినుంచి తెచ్చాడు. అంటే తమ ఇల్లు ఉన్నచోటి నుంచి.

"ఆయన్ని ఏమంటానండీ? అంత గుల్ల జన్మలో చూడలేదు ఎవరూ. ఏరుకోవడానికి ఒడ్డు పొడుగునా తిరగక్కర్లేదు" అంది.

సున్నం కాల్చే ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉండేదట. గుల్ల తేవడం మగవాళ్ళ పని, ఏరడం ఆడవాళ్ళ పని. మట్టీ, రాళ్ళూ, బొగ్గుల్లా నల్లబడ్డ చిప్పలూ, పీతకాళ్ళూ, ఎముకలూ అన్నీ చేత్తో ఏరి పారేసి గుల్ల ఒక్కటే ఉంచాలి. రకరకాలవి కలిస్తే కొన్ని మాడిపోతాయి, కొన్ని పచ్చిగా ఉండిపోతాయి, సున్నం సమంగా విరగదు. ఏరడం అయ్యాక ఆ ఏరినామే మొదటి తట్ట తన చేత్తో బట్టీలో పోయాలి. అది మాట ఇచ్చినట్టు. ఆమె పోస్తే ఇక ఎవరూ అనుమానించరు.

"ఆ కుప్ప ముందు కూర్చున్నానండీ. చెయ్యి పెట్టలేకపోయాను" అంది. "నా చేతికి ఏం తగులుద్దో అని. తగిలితే అది ఏంటో నాకు తెలిసిపోద్ది కదా, అదీ నా భయం. ఆయన లేనప్పుడు తట్టలకెత్తి అలాగే పెట్టేశాను. మొదటి తట్ట నేనే పోశాను."

సున్నం గానుగకి వచ్చింది. ముసలి మేస్త్రి చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "ఏరావా అమ్మాయ్?" అని అడిగాడు. "ఏరాను బాబాయ్" అంది. ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. మళ్ళీ చిటికెడు నలిపి చూశాడు. "సరే" అని నూరించాడు.

ఆ ఏడే తొలకరికి గచ్చు పొక్కింది. ఊరంతా మేస్త్రిని పట్టుకుంది. చేతిలో పని పోయిందన్నారు, వయసైపోయిందన్నారు, బెల్లం తినేసి నీళ్ళు పోశాడని కూడా అన్నారు. గోపురం కట్టిన మేస్త్రీల వంశమని చెప్పుకునే మనిషి. పండక్కి గుళ్ళో మొదట ఆయనకి పెట్టే తాంబూలం ఆపేశారు. ఆయన ఒక్కరోజు కూడా సున్నం ఏరలేదని అనలేదు. దారిలో ఆవిడ ఎదురైతే "బాగున్నావా అమ్మాయ్" అని మాత్రం అడిగేవాడు. అలాగే పోయాడు.

"ఆయనకి తెలుసండీ. నలిపినప్పుడే తెలుసు" అంది. "నేను ఎందుకు ఏరలేదో కూడా తెలుసు."

అంతసేపూ ఏడవని మనిషి అక్కడ ఏడ్చింది, కూతురి గురించి చెప్పినప్పుడు కాదు. తమలపాకులో సున్నం ఎందుకు రాసుకోదో అప్పుడు అర్థమైంది. అది అర్థమయ్యాక చాలా రోజులు నేను కూడా ఆకు వేసుకోలేకపోయాను.

ఆ తర్వాత మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు. సాయంత్రాలు ఆవిడ గోపురం కింద కూర్చునేది, నేను ఇంటికి వెళ్తూ ఒక నిమిషం ఆగేదాన్ని. "ఇవాళ నెమ్మదిగా ఉంది" అనేది. లేకపోతే "రాత్రి వానకి రెండు పెళ్ళలు పడ్డాయి, చలేస్తోందేమో" అనేది. భర్త పోయాక కూడా ఆ రావడం ఆగలేదు. బట్టీ చల్లారిపోయాక కూడా ఆగలేదు. ఒకసారి నాకే అనిపించింది, ఈవిడలా తీరిగ్గా కూతురితో మాట్లాడుకునే వేళ మా ఇళ్ళల్లో ఎవరికుంది అని. అనిపించినందుకు సిగ్గుపడ్డాను.

నేను రిటైరయ్యే ఏడు గోపురానికి మళ్ళీ పని పడింది. పగుళ్ళు వచ్చాయి, మొక్కలు మొలిచాయి. ఊరిపెద్దలు కూడి పాత సున్నం పని తెలిసిన ఒక మేస్త్రిని పిలిపించారు. చెవిలో ఎప్పుడూ ఫోను తీగలు వేలాడుతూ తిరిగే పడుచువాడు. గుళ్ళూ కోటలూ తప్ప ఇళ్ళ పనులు ఒప్పుకోడు. పరంజా కట్టించి, ముందు దక్షిణం వైపు గచ్చంతా ఊడదీయించడం మొదలుపెట్టాడు. కింద పెళ్ళల గుట్ట లేచింది. దాన్ని ట్రాక్టర్లకి ఎత్తి, కొత్తగా వేస్తున్న రోడ్డు పల్లంలో పోసి చదును చేస్తారని అందరూ అనుకున్నారు.

ఆ మర్నాడు ఆవిడ మా ఇంటికి వచ్చింది. అన్నేళ్ళల్లో అదే మొదటిసారి. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "ఒక్క మాట సాయం చేయాలండీ టీచరుగారూ. దాన్ని రోడ్డు మీద పొయ్యొద్దని చెప్పండి. లారీలు తిరుగుతాయి" అంది.

ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి. నేను చెప్పులు వేసుకుని ఆవిడతోనే బయల్దేరాను. మేస్త్రికి ఎంతవరకు చెప్పాలో తెలియక, పాత గచ్చు పారేయడం దేనికని అడిగాను.

"మేమెందుకు పారేస్తాం మేడమ్?" అన్నాడు. "పాత గచ్చు దంచి కొత్తదాంట్లో కలిపితేనే పట్టు. కానీ ఈ వైపుది పనికిరాదు. చూడండి ఎలా పొక్కిందో. ఏమేమి కలిశాయో దీంట్లో. ముక్క ముక్కా చిదిపి, జల్లించి, తేడా ఉన్నదాన్ని ఏరితే తప్ప కలపను. మళ్ళీ పొక్కిందంటే నా పేరు పోద్ది. అంత ఓపిక ఎవరికుంది?"

"నేను ఏరతాను బాబూ" అంది ఆవిడ.

ఎండ తగలకుండా తాటాకుల పందిరి వేసి ఇచ్చాడు. మర్నాటి నుంచి ఆవిడ పందిరి కింద కూర్చుంది. చిన్న రోకలితో పెళ్ళ చిదిపేది, జల్లించేది, మిగిలినదాన్ని చాటలో పరిచి ఏరేది. పప్పు ఏరినట్టు కాదు. ఈసారి కళ్ళు కూడా అక్కడే ఉండేవి. ఒక్కొక్క గింజనీ ఎత్తి, తిప్పి, గోటితో గీసి చూసి పక్కన పెట్టేది. కాలీకాలని చిప్పలు, బొగ్గుపొడి, నల్లరాళ్ళు. నేను సాయానికి కూర్చోబోతే, "మీరొద్దండీ. ఇది నా పని" అంది. సున్నం నీళ్ళల్లో విరుగుతుంది గానీ ఎముక విరగదనీ, ఎన్నేళ్ళయినా ఉన్నది ఉన్నట్టే ఉంటుందనీ నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు. ఇద్దరం ఆ మాట అనలేదు. రోజూ సాయంత్రం బడి నుంచి వస్తూ, ఆవిడ చేతులు ఇంకా కదులుతున్నాయని దూరం నుంచే చూసుకున్నాక గానీ పందిరి దగ్గరికి వెళ్ళేదాన్ని కాదు.

ఏమీ దొరకలేదు. తట్ట తర్వాత తట్ట అయిపోతోంది, గుల్ల తప్ప ఏమీ లేదు. ఆవిడకి భారం దిగుతుందనుకున్నాను నేను. దిగలేదు సరికదా, రోజురోజుకీ మాట తగ్గిపోయింది. సాయంత్రం పైకి చూడటం మానేసింది. పందిరిలోంచి లేచి నేరుగా ఇంటికి వెళ్ళిపోయేది. డిపో దగ్గర డీలరు ఏదో అన్నా నవ్వలేదట.

గుట్ట అడుగంటి ఒక్క తట్ట మిగిలిన రోజున నేను వెళ్ళేసరికి, ఆవిడ ఆ తట్టని ముందు పెట్టుకుని రెండు చేతులూ ఒళ్ళో వేసుకుని కూర్చుంది.

"ఇంక ఇదేగా అక్కా. ఏమీ లేదు కదా, మంచిదే కదా" అన్నాను.

"మంచిదేనంటారా?" అంది. "ఇన్నేళ్ళూ పొద్దుగూకితే ఎక్కడికి పోవాలో నాకు తెలిసేదండీ. ఈ తట్టలో కూడా లేదంటే, ఇంక దాన్ని ఎక్కడ వెతుక్కోను?"

నేను ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను.

ఆవిడ భుజం మీది తుండుగుడ్డ తీసి తట్ట మీద కప్పింది. లేచి, తట్ట నెత్తికెత్తమని నన్ను అడిగింది. ఎత్తాను. బరువుగా ఉంది. గుడ్డ అంచు కొద్దిగా తొలగింది గానీ నేను లోపలికి చూడలేదు. ఇద్దరం గోపురం దారిలో గచ్చు కలుపుతున్న మేస్త్రి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ తట్ట దించి అతని ముందు పెట్టింది.

"ఇది ఏరలేదు బాబూ" అంది. "ఏరలేక కాదు. ఏరను. ఇది కలిపితే ఎక్కడో ఒకచోట పొక్కుద్ది. నిన్ను అంటారు. ముందు ఇంకో మేస్త్రినీ అలాగే అన్నారు, తప్పు నాది. ఆయనకి అబద్ధం చెప్పాను. నీకు చెప్పను. నీకు ఇష్టమైతేనే కలుపు."

మేస్త్రి చెవిలో తీగలు తీసేశాడు. నా వైపు చూశాడు. "ఏముంది మేడమ్ దీంట్లో?" అని అడిగాడు.

నేను రెండు ముక్కల్లో చెప్పాను. ఉప్పెన, ఏడాది పిల్ల, ఇల్లు ఉన్నచోటి గుల్ల. దివిసీమలో పని చేసేవాడికి అంతకంటే చెప్పక్కర్లేదు. అతను తాపీ పక్కన పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, తట్ట మీద గుడ్డని సర్ది కప్పాడు. పైన పరంజా మీద ఎవరో పిలుస్తున్నా పలకలేదు.

"పైన వద్దు మామ్మా" అన్నాడు చివరికి. "పైన బొమ్మలున్నాయి, పొక్కితే పాడవుతాయి. లోపలి దారిలో గోడలకి పూత మిగిలుంది. అక్కడ వేస్తాను, విడిగా. పొక్కితే పొక్కనీ. ఎవరైనా అడిగితే నేనే వేశానని చెప్తా, తెలిసే వేశానని."

ఆవిడ రెండు చేతులూ జోడించింది. అతను కంగారుపడి ఆ చేతులు పట్టుకుని దించేశాడు.

ఆ రోజే కలిపాడు. తట్టలోదాన్ని దంచకుండా, జల్లించకుండా ఉన్నదున్నట్టు గచ్చులో పోశాడు. పోస్తున్నంతసేపూ మేం ముగ్గురం ఎటో చూశాం. తాపీ నిండా తీసుకుని లేచాడు.

"చెప్పు మామ్మా. ఎంత ఎత్తులో వెయ్యమంటావు?"

ఆవిడ గోడ దగ్గరికి వెళ్ళింది. ముందు నెత్తి మీదికి చెయ్యెత్తి చూసుకుంది, కాదని దించేసింది. భుజం దగ్గర పెట్టింది, అదీ కాదనుకుంది. తర్వాత గోడకి పక్కగా తిరిగి నిలబడి, ఎడమవైపు నడుం దగ్గర అరచెయ్యి ఆనించింది.

"ఇక్కడ. దానికి ఇంకా నడక రాలేదు బాబూ" అంది.

అతను మోకాళ్ళ మీద కూర్చుని అక్కడే పూత వేశాడు. తాపీ వెనకతో నున్నగా రుద్దాడు. లేస్తూ, "ఆరేదాకా ఆనుకోకు మామ్మా, చీరకి అంటుద్ది" అన్నాడు.

"ఆనుకోనులే" అంది ఆవిడ. అని, ఆ తడి గోడ పక్కనే, నడుం కాస్త ఆ వైపుకి పెట్టి, ఒంటికాలి మీద బరువు మోపి, చీకటి పడేదాకా అలాగే నిలబడింది.